సగం జిలేబి

నాకు మనుషులు మొహాలతో గుర్తుండరు.
మోచేతి మడతలో నరంతో గుర్తుంటారు.
పదకొండేండ్లుగా పెద్దాస్పత్రి లాబులో
పరగడుపున వచ్చే చేతులకి
"పిడికిలి బిగించు నాయనా" అని చెప్తా ఉండా కదా.

అందుకే ఈ పొద్దు గంగజాతరలో
ఒళ్ళంతా బొగ్గు పూసుకోని, నడుముకి వేపమండలు చుట్టుకోని
"ఎవురో చెప్పు చూస్తాం" అని ఎదురుగా ఎగిరినోణ్ణి
చెయ్యి చూసి చెప్పేసినా:
కొర్లగుంట దొరసామి. రెండొందలా నలభై.

బొగ్గు వెనకాల నవ్వు ఆగిపొయ్యింది.
"అక్కా, అమ్మోరి ముందర నంబర్లొద్దు."

నిజమే. నంబర్లొద్దు.
కానీ యాడ చూసినా అవే.
పీచుమిఠాయి కాడ నూటా తొంభై,
మనవరాలి చేతిలోది రవంత పీక్కోని నోట్లో ఏసుకుంటా ఉండాది.
గోలీసోడా కాడ రెండొందలా డెబ్బై ఆరు,
నన్ను చూసి సీసాని పైటకొంగు కింద దాచింది.
ఎండ నెత్తిన పెనం పెట్టినట్టుండాది.
పొద్దున్నించి మార్చని నూనెలో
మిరపకాయ బజ్జీలు తేల్తా ఉంటే,
చెప్పకేం, నా నోట్లోనూ నీళ్ళూరినాయి.
డ్యూటీ దిగి నేరుగా వచ్చినా.
మధ్యాన్నం తిన్నింది రెండు బిస్కెట్లు.

జిలేబి బండి రెడ్డెప్ప.
మూడొందలా పన్నెండు. మార్చిలో.
గుడ్డమూట పిండి నూనెలో రెండున్నర చుట్లు తిప్పతా ఉండాడు,
ఆ చేతినే నేను మూడుసార్లు పొడిచినా నరం దొరక్క.
నన్ను చూసి దాక్కోలే.
పీట జరిపి, "కూచ్చోమ్మే, చేతులు కడుక్కో" అన్నాడు.

బండి కింద తడిగుడ్డ చుట్టిన కుండ.
మూత తీస్తానే పులిసిన రాగంబలి వాసన.
ఎర్రగడ్డలు తరిగి, మజ్జిగ కలిపి, లోటా నిండా పోసినాడు.
నంజుకోను ఆకులో ఊరిబిండి.
"పొద్దుగూకులూ పాకంలో చేతులు,
నాలిక్కి మాత్రం ఇదే" అన్నాడు.

మరి జిలేబి?

"తింటా. నా సరుకుని నేనే తినకుంటే
కొనేవోళ్ళకి ఏం మొహం చూపించేది?
దినానికి సగం. అంబలి తాగినాక.
కడుపు నిండినాక నాలిక పెద్దమనిషి అయిపోతాది."

అంబలి తాగినా.
గొంతులోంచి దిగతా ఉంటే
లోపల ఎవురో తడిబట్ట పరిచినట్టు.
పులుపు, ఉప్పు, పంటి కింద ఎర్రగడ్డ కరకర.
అంతదాకా నాకు తెలీలే
నేను ఆకలైండేదాన్నని.

ఒక జిలేబి తీసి విరిచినాడు.
పెద్ద ముక్క నాకే పెట్టబొయ్యి, ఆగి,
"నీ నంబరెంత?" అన్నాడు.

పంబైజోడు మోత. యాడో ఎవురో బూతులు తిడతా ఉండారు,
దీవెన మాదిరిగా.
పదకొండేండ్లు. ఎన్ని వేల చేతులు.
నా చేతిని నేనెప్పుడూ
ఆ బల్ల మీద పెట్టలే.

"తెలీదు" అన్నా.
ఏమీ అన్లేదాయన. చిన్న ముక్క ఇచ్చినాడు.

దాన్ని ఎంతసేపు తిన్నానో.
ముందు అంచు పటుక్కుమన్నింది,
తర్వాత పాకం, ఎచ్చగా, కొంచెం నిమ్మపులుపు.
ఇంట్లో నిలబడి మింగిన పావుకిలోల్లో
ఇంత రుచి ఎప్పుడూ దొరకలే.

పొయ్యేటప్పుడు దొరసామి కనిపించినాడు.
బొగ్గు చెమటకి చారలు చారలుగా కారిపొయ్యింది.
తాటిముంజల బండి కాడ బొటనేలితో ముంజ తోడుకుంటా
"ఇది తినచ్చునా అక్కా?" అన్నాడు.
"తిను. ఆ రెండో చేతిలో బజ్జీ ఏంది?"
"అది అమ్మోరిది" అన్నాడు, నోట్లో పెట్టుకుంటా.

బస్సులో కిటికీ పక్కన కూచ్చోని
ఎవురూ చూడకుండా
ఎడమచెయ్యి చాపి, నాకు నేనే చెప్పుకున్నా:
పిడికిలి బిగించమ్మా.
బిగించినా.
పాకానికి అంటుకోని
వేళ్ళు విడిపోలే.